అరచేతి మేర మరక

ఆ రోజుకు మేనేజరు వేసుకున్న పథకం చాలా చిన్నది. ఉదయం తొమ్మిదింటికి బావమరిది వస్తాడు, గోడ మీది మరకకు కాస్త రంగు పూస్తాడు, పదింటికల్లా వెళ్లిపోతాడు. మూడింటికి నాయకులు నలుగురూ వస్తారు. నాలుగింటికి కేంద్ర కార్యాలయం నుంచి పరిశీలకురాలు వస్తుంది. ఆ గోడ ముందు అందరూ నవ్వుతూ ఫొటో దిగుతారు. ఇరవై ఆరేళ్ల ఉద్యోగంలో ఇంత సులువైన రోజు తనకు తగల్లేదనుకుంటూ ఆయన కార్యాలయం తాళం తీశాడు.

ఆయన పనిచేసేది పూర్వపథం పార్టీ పట్టణ శాఖలో. "పాతదే మేలు" అన్నది ఆ పార్టీ నినాదం. సభ్యత్వ కార్డు మీదా, ఉత్తరాల కాగితం మీదా, ఆఖరికి బాత్రూమ్ తలుపు మీదా అదే ఉంటుంది. నినాదం విషయంలో ఎవరికీ ఏ పేచీ లేదు. పేచీ అంతా ఏ పాత అన్న దగ్గర వస్తుంది. శాఖలో నాయకులు నలుగురు, నలుగురికీ నాలుగు పాతలు. టీ చల్లారిపోయిందన్న మాట తప్ప మరో మాట ఆ నలుగురూ కలిసి అనగా విన్నవాళ్లు లేరు.

ఈ తగువు పాకి పాకి కేంద్ర కార్యాలయం దాకా వెళ్లింది. పోయిన వారం అక్కణ్ణుంచి ఉత్తరం వచ్చింది. పరిశీలకురాలు స్వయంగా వచ్చి చూస్తారట. శాఖలో ఐకమత్యం కనిపిస్తే సరేసరి, లేకపోతే శాఖను మూసేసి పక్క ఊరి శాఖలో కలిపేస్తారట. పక్క ఊరి శాఖకు ఇప్పటికే ఒక మేనేజరు ఉన్నాడు. ఉత్తరాన్ని మన మేనేజరు మూడుసార్లు చదివాడు. యాభై నాలుగేళ్ల మనిషిని కొత్తగా ఎవరు పనిలో పెట్టుకుంటారు? పైగా ఆయనకు బాగా వచ్చిన విద్య ఒక్కటే. ఎవరేమన్నా "మీ మాటే నా మాట" అనడం. ఈ విద్యకు బయట గిరాకీ ఉందో లేదో ఆయన ఎన్నడూ కనుక్కోలేదు.

"ఫొటోలో నలుగురూ కలిసి నవ్వితే చాలు కదా, దానికింత దిగులెందుకు?" అంది భార్య. "గోడ సంగతి మా తమ్ముడు చూసుకుంటాడు."

ఫొటోకు ఆ గోడ తప్ప గతి లేదు. మిగతా మూడింటిలో ఒకదానికి కిటికీలు, ఒకదానికి బీరువాలు, ఒకదానికి తలుపు. పార్టీ వ్యవస్థాపకుడి పటం తప్ప ఖాళీగా ఉన్న ఒక్క గోడకు సరిగ్గా మనిషి తల ఎత్తులో అరచేతి మేర మరక. పోయినేడాది ఫొటోలో ఆ మరక వల్ల అధ్యక్షుడికి మూడో చెవి మొలిచినట్టు కనిపించింది.

బావమరిది చెప్పిన వేళకే నిచ్చెనతో, డబ్బాలతో వచ్చాడు. రంగుల పనిలో చెయ్యి తిరిగినవాడు. గోడ మీద వేలి కణుపుతో రెండుసార్లు కొట్టి, చెవి ఆనించి విన్నాడు.

"బావా, దీని వెనకాల పైపేదో కారుతోంది. ముందు ప్లంబర్ని పిలు, ఆ తర్వాత నన్ను పిలు."

"ప్లంబరూ లేదు, గింబరూ లేదు. పైన కాస్త రంగు పుయ్యి, చాలు."

"తడి మీద రంగు నిలవదు బావా. కనీసం ఊడిపోయే పెచ్చన్నా గీకనీ."

"సరే, గీకు. కొంచెమే."

బావమరిది వ్యవస్థాపకుడి పటాన్ని గోడ మీంచి దించి ఎదురుగా కుర్చీలో కూర్చోబెట్టాడు. గీకే రేకు తీసి మరక అంచున మెల్లగా ఒక్క గీటు గీశాడు. అరచేతి మేర ఊడాల్సిన పెచ్చు చేటంత ఊడి, ధబ్బున కింద పడింది. బూడిద రంగు వెనక నుంచి మంచి నీలం రంగు బయటపడింది. దానికి పుట్టీ పెట్టి, ఉప్పు కాగితం రుద్ది, మళ్లీ బూడిద రంగే పూసేస్తే గంటలో పని అయిపోయేది. అయిపోయేదే, సరిగ్గా అప్పుడు హెడ్మాస్టరు పేపరు చదువుకోవడానికి రాకపోయి ఉంటే.

హెడ్మాస్టరు శాఖకు ఉపాధ్యక్షుడు. బడి నుంచి రిటైరై పన్నెండేళ్లయినా ఎదురైనవాళ్ల గోళ్లు ఇప్పటికీ పరీక్షిస్తాడు. ఏ మాటైనా "మా రోజుల్లో" అని మొదలుపెట్టి "ఇప్పుడేముంది" అని ముగిస్తాడు. ఆ నీలం కంటపడగానే ఆయన చేతిలో పేపరు జారిపోయింది. కళ్లజోడు తీసి, తుడిచి, మళ్లీ పెట్టుకున్నాడు.

"ఇదేనయ్యా ఇదే! మా రోజుల్లో గోడంటే ఈ నీలమే. దీని ముందు నిలబడి నేను మాట్లాడుతుంటే రోడ్డు మీద సైకిళ్లు ఆగిపోయేవి. ఇప్పుడేముంది, బూడిద!"

"అవును మాస్టారూ, ఉత్త బూడిదే."

"మరి చూస్తావేం? ఆ బూడిదంతా గీకించెయ్. అసలైన పాత ఏమిటో ఆ వచ్చేవిడకి చూపిద్దాం."

"మీ మాటే నా మాట మాస్టారూ," అన్నాడు మేనేజరు. నోరు అలవాటు కొద్దీ తనంతట తానే అనేసింది. గోడ ఏ రంగులో ఉంటేనేం, మరక లేకపోతే చాలు కదా అని మనసుకు సర్దిచెప్పుకున్నాడు.

"కొంచెమే అన్నావు," అని గుర్తుచేశాడు బావమరిది.

"ఇంకాస్త కొంచెం."

పదిన్నరకు గోడ సగం నీలంగా తేలింది. అప్పుడే అధ్యక్షుడు వచ్చాడు. ఆయనకు చాటున అందరూ పెట్టుకున్న పేరు యథాతథం. ముందుకొచ్చిన ప్రతి కాగితం మీదా ఆ ఒక్క మాటే రాసి సంతకం పెడతాడు. వరండాలో కాలిపోయిన బల్బు మార్చమన్న దరఖాస్తు మీద కూడా అదే రాశాడు కాబట్టి ఆ వరండాలో ఏడేళ్లుగా తడుముకుంటూ నడుస్తున్నారు. ఈ రోజున్నది రేపూ ఉండాలన్నదే ఆయన రాజకీయం మొత్తం.

"ఎవరు మార్చమన్నారు?" అని గుమ్మంలోంచే అరిచాడు.

"మార్చడం లేదు సార్. ఎప్పుడో జరిగిన మార్పును తీసేస్తున్నాం," అన్నాడు మేనేజరు, చాలా తెలివిగా చెప్పాననుకుని.

"తీసెయ్యడం మార్పు కాదా?"

"మీ మాటే నా మాట సార్. మార్పే."

"ఆ బూడిద వేయించింది నువ్వే కదయ్యా," అని హెడ్మాస్టరు అందుకున్నాడు. "అధ్యక్షుడివైన మొదటి నెలలోనే వేయించావు. అది మార్పు కాదూ?"

"అది మార్పే మాస్టారూ, ఎవరు కాదన్నారు? కానీ అదే ఆఖరిది. పద్దెనిమిదేళ్ల కింద దాంతోనే మార్పులు ఆపేశాం."

"మరి ఆ మరక?"

"పదకొండేళ్లుగా ఉంది. దానికీ ఇక్కడ ఉండే హక్కొచ్చేసింది."

మాట మీద మాట పెరిగింది. బలం కోసం అధ్యక్షుడు వరండాలోకి వెళ్లి లాయరమ్మకు ఫోను చేశాడు. బలం కోసం హెడ్మాస్టరు కిటికీ దగ్గర నిలబడి పెయింటు షాపు ఓనరుకు ఫోను చేశాడు. ఇద్దరూ చేసిన తప్పు ఒక్కటే. వచ్చేవాళ్లు తమ పక్షం మాట్లాడతారనుకున్నారు. మేనేజరును అడిగి ఉంటే అలా జరగదని చెప్పేవాడు, కానీ ఆయన్ని ఎవరూ ఏదీ అడగరు.

లాయరమ్మ మహిళా విభాగానికి పెద్ద. ఆవిడ చేతిసంచిలో వ్యవస్థాపకుడు రాసిన నియమావళి ఎప్పుడూ ఉంటుంది. తిప్పి తిప్పి అంచులు నలిగిన చిన్న పుస్తకం. అందులో లేనిది ఆవిడకు లోకంలో లేనట్టే. నీలాన్నీ బూడిదనీ ఒకే చూపుతో కొట్టిపారేసింది.

"మీ పాత పద్దెనిమిదేళ్లది. మీ పాత ముప్పయ్యేళ్లది. నాకు రెండూ కొత్తవే. పార్టీ పుట్టింది యాభయ్యేళ్ల కింద. తొమ్మిదో పేజీలో ఏముంది? 'మన కార్యాలయం ఉదయపు ఎండలా ఉండాలి.' ఎండ ఏ రంగండీ?"

"వేళను బట్టి ఉంటుంది మేడమ్," అన్నాడు నిచ్చెన మీంచి బావమరిది.

"పసుపు," అని తీర్పు చెప్పి, అతని చేతిలో రేకు లాక్కుని నీలం మీద గట్టిగా ఒక గీటు గీసింది. కింద నిజంగానే పసుపు ఉంది. ఆవిడ ముఖం వెలిగిపోయింది. కోర్టులో ఏ కేసు గెలిచినప్పుడూ ఆవిడ అంత సంతోషపడి ఉండదు.

షాపు ఓనరు చంకలో దిండంత క్యాటలాగు పెట్టుకుని దిగాడు. ఆయన యువజన విభాగం నాయకుడు, వయసు యాభై ఒకటి. ఎవరూ ఎవరికీ ఏదీ చెప్పని రోజులే ఆయన దృష్టిలో అసలైన పాత. పార్టీ పిలిచిన ఏ సమావేశానికీ వేళకు రాడు, వేళ పెట్టడమే జులుం అంటాడు.

"గోడకి ఏ రంగో పార్టీ ఎందుకండీ తేల్చాలి? పూర్వం ఎవరి గోడ వాళ్లిష్టం. దీన్ని నాలుగు భాగాలు చేసి పంచెయ్యండి. ఇందులో పన్నెండు వందల రంగులున్నాయి, ఎవరిక్కావాల్సింది వాళ్లు వేసుకుంటారు."

"పన్నెండు వందలా!" అని హెడ్మాస్టరు కుర్చీలో కూలబడ్డాడు. "మా రోజుల్లో నాలుగే ఉండేవి. అందులో ఒకటి తెలుపు."

ఆ తర్వాత గంటసేపు మేనేజరు పడిన పాట్లు పగవాడికి కూడా వద్దు. అధ్యక్షుడు ఆయన్ని వరండాలోకి లాక్కెళ్లి, "బూడిద చెక్కు చెదరకూడదు, నీదే పూచీ," అన్నాడు. "మీ మాటే నా మాట సార్." హెడ్మాస్టరు బీరువా చాటుకు పిలిచి, "నీలమంతా తేలాలి," అన్నాడు. "మీ మాటే నా మాట మాస్టారూ." లాయరమ్మ మెట్ల దగ్గర ఆపింది, షాపు ఓనరు బాత్రూమ్ దాకా వెంటబడ్డాడు. వాళ్లకూ అదే జవాబు. ఇరవై ఆరేళ్లుగా నలుగురికీ ఇదే మాట చెప్పి నెట్టుకొచ్చాడు కానీ, ఇన్నాళ్లూ అది కాగితాల మీది వ్యవహారం. నాలుగు కాగితాలు నాలుగు ఫైళ్లలో దాచేయొచ్చు. గోడ ఒక్కటే అయిపోయింది.

"బావా, నిజం చెప్పు. నలుగురికీ నాలుగు మాటలిచ్చావా?" అని అడిగాడు బావమరిది.

"ఛ, ఛ. నలుగురికీ ఒకటే మాటిచ్చాను."

ఇక లాభం లేదని షాపు ఓనరు చెప్పినట్టే గోడకు టేపు అంటించి నాలుగు భాగాలు చేశారు. వెంటనే మధ్య భాగం ఎవరిదన్న తగువు లేచింది, కెమెరాలో పడేది అదే కదా. అది తేలకముందే ఇంకోటి. ఎడమ వైపు చివరి భాగం తీసుకోవడానికి నలుగురిలో ఒక్కరూ ఒప్పుకోలేదు. ఎడమ వైపున నిలబడిన ఫొటో బయటికొస్తే తన రాజకీయ జీవితం ఏం కావాలని అధ్యక్షుడు నిలదీశాడు. గోడ వైపు నుంచి చూస్తే అది కుడే అవుతుందని లాయరమ్మ వాదించింది. అయితే మీరే తీసుకోండని ముగ్గురూ అన్నారు. ఆవిడ నియమావళి తెరిచి కూర్చుంది.

చివరికి చీట్లు వేశారు. చీటీలో వచ్చింది ఎవరికీ నచ్చలేదు కాబట్టి, ఎవరి భాగాన్ని వాళ్లు కాస్త కాస్త పెంచుకోవడం మొదలుపెట్టారు. హెడ్మాస్టరు స్కేలుతో బూడిదను గీకాడు. లాయరమ్మ కారు తాళంతో నీలాన్ని గీకింది. వాళ్లిద్దరూ గీకినచోటల్లా అధ్యక్షుడు మేనేజరు టేబులు కింది పాత డబ్బాలోంచి బూడిద పూసుకుంటూ వచ్చాడు. షాపు ఓనరు తన షాపు నుంచి తెప్పించిన శాంపిల్ డబ్బాలన్నీ మూతలు తీసి, ఏది వేసుకోవాలో తేల్చుకోలేక చెమటలు కక్కాడు. స్వేచ్ఛ ఇంత కష్టమని ఆయనకు అంతవరకూ తెలియదు. గదంతా దుమ్ము. కుర్చీలో కూర్చున్న వ్యవస్థాపకుడి పటానికి కనుబొమలు తెల్లబడ్డాయి.

బావమరిది మెట్ల మీద కూర్చుని క్యారేజీ విప్పాడు. "మీరు తేల్చుకున్నాక పిలవండి," అన్నాడు.

అప్పుడే భార్య ఫోను చేసింది. "పని అయిపోయిందా?"

"ఇప్పుడే మొదలైంది," అని మేనేజరు ఫోను పెట్టేశాడు. గడియారం చూస్తే రెండుంబావు. ఆయనకు ఏడుపొచ్చింది. తన టేబులు, దాని మూడో సొరుగు, ఆ సొరుగులో ఇరవై ఆరేళ్లుగా దాచుకున్న పెన్నులు, అన్నీ వరసగా కళ్ల ముందు తిరిగాయి. రేపు వాటిని ఒక సంచిలో వేసుకుని ఇంటికి నడవాలి. నలుగురిలో ఒక్కరికైనా ఆయన ఒక్కసారి ఎదురు చెప్పి ఉంటే ఇంత జరిగేది కాదు. ఆ సంగతి ఆయనకు తెలుసు, అందుకే ఇంకా ఏడుపొచ్చింది.

మూడు దాటిన కాసేపటికి లాయరమ్మ కేక వేసింది. పసుపు మరీ లోతుగా గీకినట్టుంది, కింద నుంచి ఎర్రటి గీత ఒకటి తొంగి చూసింది. రెండు గీట్లకు అది అక్షరమైంది. "పా".

"అక్షరాలు! ఇది ఆయన దస్తూరీయే!" అంది. వ్యవస్థాపకుడి సంతకం, ఆయన చేత్తో రాసిన నినాదం సభ్యత్వ కార్డు మీద అందరూ చూసినవే. ఆయన 'పా' దీర్ఘాన్ని ఎవరూ పెట్టనట్టు పైకి తోకలా లాగుతాడు. పార్టీలో సగం మంది ఆ తోకను చూసి అలాగే రాయడం నేర్చుకున్నవాళ్లే.

రెండో అక్షరం "త". ఇక అనుమానం లేదు. నినాదమే! పార్టీ మొదటి నినాదం, వ్యవస్థాపకుడి చేత్తో, గోడ మొదటి పొర మీద! పొద్దుటి నుంచి ఒకరి ముఖం ఒకరు చూడనివాళ్లు నలుగురూ ఒక్కచోట చేరారు. హెడ్మాస్టరు ఒక పక్క, అధ్యక్షుడు ఒక పక్క, కింద లాయరమ్మ, నిచ్చెన మీద షాపు ఓనరు. "మెల్లగా, మెల్లగా," అని ఒకరికొకరు చెప్పుకుంటూ గీకారు. దుమ్ము పడకుండా అధ్యక్షుడు తన రుమాలుతో హెడ్మాస్టరు కళ్లు తుడిచాడు. దూరంగా నిలబడి చూస్తున్న మేనేజరుకు కాస్త ప్రాణం లేచొచ్చింది. పరిశీలకురాలు ఈ క్షణాన వచ్చినా బాగుండుననుకున్నాడు.

మూడున్నరకు వాక్యం మొత్తం తేలింది. గోడ సగం పొడుగునా, మూరెడేసి ఎర్రటి అక్షరాలు.

"పాతదంతా పోవాలి! కొత్తది రావాలి!"

కింద సంతకం, తోకతో సహా.

కనుబొమలు తెల్లబడిన వ్యవస్థాపకుడు కుర్చీలోంచి నలుగుర్నీ నవ్వుతూ చూస్తున్నాడు.

"కుర్రతనంలో రాసి ఉంటారు," అన్నాడు హెడ్మాస్టరు.

"దీన్ని అర్థం చేసుకోవలసిన పద్ధతి వేరు," అని లాయరమ్మ తేరుకుంది. "ఇక్కడ పాతంటే అప్పటి పాత. మన ఇప్పటి పాత అప్పటికి కొత్తే. అంటే ఆయన రమ్మన్నది మన పాతనే."

"ఇది ఆవిడకి అరగంటలో చెప్పగలరా మేడమ్?" అని అడిగాడు మేనేజరు.

లాయరమ్మ లెక్క వేసింది. "కోర్టయితే రెండు వాయిదాలు పడుతుంది."

"పొద్దున ఇది కనిపించేది కాదు," అన్నాడు అధ్యక్షుడు. "కాబట్టి కనిపించకూడదు. యథాతథం."

"మా రోజుల్లోనూ కనిపించేది కాదు."

"దీని మీద పసుపు వేయించింది వ్యవస్థాపకులే. కప్పెయ్యడమే ఆయన అసలు ఉద్దేశం," అంది లాయరమ్మ.

"నా భాగంలో ఉన్న అక్షరాలు నాకొద్దు. అది నా ఇష్టం," అన్నాడు షాపు ఓనరు.

నాలుగు సిద్ధాంతాలు, యాభయ్యేళ్లలో మొదటిసారి, ఒకే చోటికి చేరాయి. మేనేజరు పరుగున వెళ్లి మెట్ల మీంచి బావమరిదిని లాక్కొచ్చాడు.

"ఏ రంగెయ్యను?" అన్నాడతను.

"ఏదో ఒకటి!" అని నలుగురూ ఒక్క గొంతుతో అరిచారు.

"ఏ ఒక్కటీ గోడంతటికీ చాలదు. అన్నీ కలిపితేనే."

బూడిదా, నీలం పసుపులతో సహా షాపు ఓనరు తెప్పించిన పదకొండు శాంపిళ్లూ ఒకే బకెట్లో పోసి కర్రతో తిప్పారు. వచ్చిన రంగుకు క్యాటలాగులో పేరు లేదు. వానలో నానిన అట్టపెట్టె ఉంటుందే, అదీ ఆ రంగు. రోలర్లతో, బ్రష్షులతో, లాయరమ్మ అయితే పాత గుడ్డతో, అందరూ కలిసి పది నిమిషాల్లో పూసేశారు. మేనేజరు కింద వరస పూశాడు, హెడ్మాస్టరు ఆయన వంగిన వీపు మీద డబ్బా పెట్టుకుని పై వరస పూశాడు.

"ఎరుపు ఒక్క పూతకి లొంగదు బావా," అన్నాడు బావమరిది గోడ వంక అనుమానంగా చూస్తూ. నిజమే, అక్షరాలు నీడలా కనిపిస్తూనే ఉన్నాయి. "ఆరాక రెండో పూత వెయ్యాలి. రెండు గంటలు పడుతుంది."

బయట కారు ఆగింది.

నలుగురూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. ఇంకో మాట లేకుండా వెళ్లి గోడకు వీపులు ఆనించి, భుజం భుజం రాసుకుంటూ నిలబడ్డారు. హెడ్మాస్టరు వీపు వెనక "పాత", అధ్యక్షుడి వెనక "దంతా", ఆ పక్కన మిగతాది. ఎడమ చివర నిలబడింది ఎవరో ఎవరూ పట్టించుకోలేదు.

పరిశీలకురాలు లోపలికొచ్చింది. ఆ ఒక్క నెలలో తొమ్మిది శాఖలు మూయించిన మనిషి. చేతిలో ఫైలు, ముఖంలో నమ్మకం బొత్తిగా లేదు. ఎదురుగా నలుగురు నాయకులు ఒకరికొకరు అంటుకుపోయి, మోచేతుల దాకా ఒకే రంగు పూసుకుని, ఒకేలా నవ్వుతున్నారు. ఆవిడ గుమ్మంలోనే ఆగిపోయింది.

"మీరే స్వయంగా రంగేసుకున్నారా? నలుగురూ కలిసి?"

"అంతా కలిసే మేడమ్," అన్నారు నలుగురూ.

"ఈ రంగు ఎవరు ఎంచారు?"

"ఏకగ్రీవంగా వచ్చింది మేడమ్," అన్నాడు మేనేజరు. అందులో అబద్ధం లేదు.

ఆవిడ ఫొటో తీసింది. కూర్చుని మాట్లాడుకుందాం రమ్మంది. నలుగురూ కదల్లేదు. టీ తాగుదామంది. కదల్లేదు.

"మేం ఉన్నచోటు నుంచి కదిలే మనుషులం కాదు మేడమ్," అన్నాడు అధ్యక్షుడు. ఆయన జీవితంలో ఇంత నిజమైన మాట అనలేదు. పరిశీలకురాలి కళ్లు చెమర్చాయి. తొమ్మిది ఊళ్లలో ఎక్కడా తనకు ఇలాంటి నిలకడ కనిపించలేదని చెప్పింది. శాఖను మూసే ప్రసక్తే లేదంది. మేనేజరు గోడ పట్టుకుని నిలబడబోయి, తడి గుర్తొచ్చి బీరువా పట్టుకున్నాడు.

"ఇంత ఒద్దికగా ఉన్నచోట సర్దిచెప్పడానికి వేరే మనిషెందుకు?" అంటూ ఆవిడ ఫైలు తెరిచింది. "ఈ మేనేజరు ఉద్యోగం తీసేస్తున్నాను. ఇక్కడ దీని అవసరం లేదు. ఏమంటారు మేనేజరుగారూ?"

మేనేజరు నోరు తెరిచాడు. "మీ మాటే" అన్నంత వరకే వచ్చింది. మిగతా రెండు మాటలూ గొంతులోనే ఆగిపోయాయి. ఇరవై ఆరేళ్లలో అవి రాకపోవడం అదే మొదలు. ఆయన తలదించుకుని తన చెప్పుల మీద పడిన రంగు చుక్కల్ని చూస్తూ నిలబడ్డాడు.

"కుదరదు!" అన్నాడు అధ్యక్షుడు. "ఆయన నిన్నున్నాడు, ఇవాళున్నాడు. రేపూ ఉండాలి."

"మా రోజుల నుంచీ ఉన్నవాడు!" అని హెడ్మాస్టరు గొంతు పెంచాడు. "ఆయన్నీ తీసేస్తే ఇక ఇప్పుడేముంది?"

"నియమావళి ఇరవై రెండో పేజీ," అంది లాయరమ్మ. "శాఖకొక మేనేజరు ఉండి తీరాలి. ఉండి తీరాలి అని ఉంది."

"ఉండాలో వద్దో ఆయన ఇష్టం! పైనుంచి చెప్పడానికి మీరెవరండీ?" అన్నాడు షాపు ఓనరు.

మేనేజరు తలెత్తాడు. ఏది అసలైన పాత అని ఏళ్ల తరబడి కొట్టుకుంటున్న నలుగురూ అంగీకరించిన ఒకే ఒక్క పాత వస్తువు తనేనని ఆయనకు మెల్లగా అర్థమైంది. సంతోషమే, కానీ దాన్ని పూర్తిగా అనుభవించే వ్యవధి దొరకలేదు. ఎందుకంటే కోపంలో నలుగురూ కలిసి ఒక అడుగు ముందుకేశారు.

చొక్కాలూ కోట్లూ గోడ నుంచి చర్రున ఊడివచ్చాయి. తడి రంగంతా వాళ్ల వీపులతోపాటే వచ్చేసింది. వెనకాల ఎర్రటి అక్షరాలు కడిగినట్టు కనిపించాయి.

పరిశీలకురాలు చదివింది. సంతకం చూసింది, 'పా' మీద తోక చూసింది. కుర్చీలో ఉన్న పటం చూసింది. మళ్లీ గోడ చూసింది.

"ఇది ఇంకెవరైనా చదివారా?" అని చాలా మెల్లగా అడిగింది.

"పెయింటరు ఒక్కడే మేడమ్. మా బావమరిది," అన్నాడు మేనేజరు.

"అతను మన పార్టీయేనా?"

"నేను గోడల పార్టీ మేడమ్," అన్నాడు బావమరిది.

ఆవిడ వెళ్లి తలుపు గడియ పెట్టింది. ఫైలు కుర్చీలో, వ్యవస్థాపకుడి పటం ముఖం మీద బోర్లించింది. చేతి గడియారం విప్పి సంచిలో వేసుకుంది.

"ఇంకో బ్రష్షుందా?"

రాత్రయ్యేసరికి రెండో పూత అయింది, మూడోదీ అయింది. ఆవిడ మేనేజరు మూడో సొరుగులోంచే ఒక పెన్ను తీసుకుని, నివేదికలో శాఖ గురించీ, ఆయన గురించీ ఒకే ఒక్క మాట రాసి, సంతకం చేసి వెళ్లింది. ఆ మాట చూసి అధ్యక్షుడు అక్షరాలు తనవేనేమోనని అనుమానపడ్డాడు. యథాతథం.

మర్నాడు ఉదయం మేనేజరు తాళం తీసేసరికి కొత్త రంగు మీద, సరిగ్గా మనిషి తల ఎత్తులో, అరచేతి మేర మరక తేలి ఉంది. దాన్ని ఎవరూ ముట్టుకోరాదని కార్యవర్గం ఏకగ్రీవంగా తీర్మానించింది.